డాక్టర్ సలహా: యోగా గురువును పిలిచే ముందు పని తీరు చూడండి

ప్రశ్న: రాయదుర్గంలో నాకు చిన్న జీన్స్ కుట్టు యూనిట్ ఉంది. సుమారు 40 మంది పీస్ రేటు మీద పనిచేస్తారు. కొన్నాళ్లుగా ఇద్దరు మహిళలు మెషిన్ దగ్గర గుండె దడ, చేతుల వణుకు అంటున్నారు. కటింగ్ మాస్టర్ మూడు వారాలుగా నిద్ర లేదని సెలవు పెట్టారు. ఆదివారాలు యోగా గురువును పిలిపిస్తే సరిపోతుందా? యజమానిగా ఇంకేం చేయవచ్చు?
- ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ముందుగా ఆ ఇద్దరికీ వైద్య పరీక్షలు చేయించండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నా, షుగర్ పడిపోయినా దడ, వణుకు వస్తాయి కాబట్టి, అది మానసిక ఆందోళనే అని ముందే తేల్చేయకూడదు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయిస్తే చాలావరకు తెలిసిపోతుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చి మధ్యాహ్నం దాకా టీలతోనే నెట్టుకొచ్చేవారికి దడ రావడంలో వింత లేదు. మరుగుదొడ్డి సరిగా లేనిచోట మహిళలు నీళ్లు తాగడమే మానేస్తారు. మన ఎండలకు అది కళ్లు తిరగడం, నీరసం, మూత్రంలో మంట దాకా వెళుతుంది.

పరీక్షల్లో ఏమీ తేలకపోతే పని వైపు చూడాలి. పనిభారం ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా, ఎంత వేగంతో చేయాలన్నది తన చేతిలో లేని మనిషికి ఒత్తిడి అధికంగా ఉంటుందని రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే చూపించారు. పీస్ రేటు టైలర్ పరిస్థితి అచ్చంగా అదే. ఆర్డరు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే రాత్రి పొద్దుపోయేదాకా కుట్టాలి, కరెంటు పోయినా మెషిన్ మొరాయించినా నష్టం ఆమెదే, జిప్పు వంకరపోయిందని ప్యాంటు వెనక్కి వస్తే కూలిలో కోత. ఇవన్నీ అలాగే ఉంచి ఆదివారం యోగాకు రమ్మంటే, ఉన్న ఒక్క సెలవూ పోయిందనే వారు అనుకుంటారు. యోగా, ప్రాణాయామం మంచివే. అయితే పని వేళల్లోనే, ఇష్టమున్నవారికి, కూలి తగ్గకుండా పెట్టండి.

వచ్చే వారం పని ఎంత ఉంటుందో ముందుగా చెప్పడం, మెషిన్ ఆగిన గంటలకు కొంతైనా కట్టివ్వడం, కోత పడితే ఆ ప్యాంటు చూపించి కారణం చెప్పడం మీ చేతిలో ఉన్న పనులు. వీటన్నిటికన్నా బటవాడా రోజు తప్పకపోవడం ముఖ్యమని నా అభిప్రాయం. డ్వాక్రా కంతు దగ్గరపడుతుంటే, కూలి డబ్బు శనివారం అందుతుందో లేదో తెలియని మనిషికి ఏ మాత్రా నిద్ర పట్టించలేదు.

తరువాతది సూపర్‌వైజరు నోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కింది సిబ్బంది మానసిక ఇబ్బందిని గుర్తించి ఆదుకునేలా పైవారికి శిక్షణ ఇవ్వాలని సూచించింది. చలాకీగా ఉండే మనిషి ముభావంగా మారినా, ఎన్నడూ లేని తప్పులు చేస్తున్నా పక్కకు పిలిచి "ఏమ్మా, నాలుగు రోజులుగా ఒంట్లో బాగున్నట్టు లేదు, ఏమైంది?" అని అడగాలి గానీ, అందరి ముందు "ఈరోజు ఎన్ని పీసులు కుట్టినావు?" అని కాదు. ఆ మహిళల భయానికి వేధింపులు కారణం కావచ్చునన్నది కూడా మరవకండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని, పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం చెబుతోంది.

మెడికల్ షాపు నుంచి నిద్రమాత్రలు తెప్పించి ఎవరికీ ఇవ్వవద్దు. అల్ప్రాజోలం వంటివి డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడితే అలవాటుగా మారతాయి, ఒక్కసారిగా మానేస్తే ఆందోళన మరింత పెరుగుతుంది.

మాస్టర్ విషయంలో ఆలస్యం తగదు. ఇన్ని వారాలుగా నిద్ర లేదంటే అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాలి. ఈలోగా ఆయన గానీ, ఇంటివారు గానీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరిగి పనిలోకి వచ్చాక మొదటి కొన్ని వారాలు ఓవర్‌టైమ్ వేయకండి, ఆయన కటింగ్ టేబుల్ ఆయనకే ఉంచండి. ఏ జబ్బుకు ఏ మందు వాడుతున్నారన్నది యూనిట్‌లో మరెవరికీ తెలియనవసరం లేదు.