కోచ్‌ను తీసేస్తే ఖర్చు తగ్గుతుందా?

"అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో డబ్బుల్లేవంటూనే కోచ్‌లను ఎందుకు మారుస్తుంటారు?" అని అడిగారు. నేను ఎమ్మెస్ చేసింది అక్కడ దక్షిణాదిలో ఓ మాదిరి స్టేట్ యూనివర్సిటీలో. పేరెందుకు లెండి. శనివారాలు స్టేడియంలో నాచోస్ కౌంటర్ దగ్గర పనిచేశాను కాబట్టి దీని గురించి మాట్లాడే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

ఓ శనివారం మూడో క్వార్టర్‌కే (ఆట మొత్తం నాలుగు భాగాలు) జనం లేచి వెళ్లిపోయారు. వేడి చీజ్ డబ్బాలో సగం అలాగే మిగిలిపోయింది. మా సూపర్‌వైజర్, అరవై దాటిన పెద్దావిడ, చీజ్ పంపు కడుగుతూ "రేపు ఈ కోచ్‌ని పంపించేస్తారు చూడు" అంది. ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆయన్ని తీసేశామని మెయిల్ వచ్చేసింది. తర్వాత ఆమె కనిపించినప్పుడు "పాపం, ఉద్యోగం పోయిందే" అన్నాను. నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. కాంట్రాక్టులో మిగిలిన ఏళ్ల జీతం ఇంట్లో కూర్చున్నా వస్తుందట! నాకేమో గంటకు ఎనిమిది డాలర్లు. జనం తగ్గారని ఆ తర్వాతి మ్యాచ్‌కి నా షిఫ్ట్ కోసేశారు.

ఫీజు బిల్లులో 'అథ్లెటిక్స్ ఫీ' అని, యూనివర్సిటీ క్రీడా జట్ల కోసం మా దగ్గర వసూలు చేసే లైను అప్పుడు గానీ నా కంటపడలేదు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి నాన్న తెచ్చిన లోన్‌లో కొంత ఆ కోచ్ గారి విశ్రాంతికి పోయిందని నా గట్టి నమ్మకం.

పెద్ద యూనివర్సిటీలకు ఇదంతా చిల్లర. 2022లో టెక్సస్ ఏ అండ్ ఎం అనే పెద్ద యూనివర్సిటీ, యాపలాచియన్ స్టేట్ అనే చిన్నదానికి 15 లక్షల డాలర్లిచ్చి తన మైదానంలో మ్యాచ్‌కి పిలిపించుకుంది. చిన్న కాలేజీలు ఇలా డబ్బు తీసుకుని ఓడిపోయి వెళ్తుంటాయి, వాటి బడ్జెట్‌కు అదే ఆసరా. ఆ రోజు మాత్రం డబ్బూ తీసుకున్నారు, 17-14తో మ్యాచూ గెలిచారు. అప్పటి ఏ అండ్ ఎం కోచ్ జింబో ఫిషర్‌ను మరుసటేడు నవంబర్‌లో తీసేశారు. మిగిలిన కాంట్రాక్టు కింద ఆయనకు ఇవ్వడానికి ఒప్పుకున్నది దాదాపు 7.6 కోట్ల డాలర్లు. మన లెక్కలో 600 కోట్ల రూపాయల పైమాటే.

నన్నడిగితే మార్చకుండా ఉండటమే చవక. అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న యూఏబీ (యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఎట్ బర్మింగ్‌హామ్) 2014 డిసెంబర్‌లో ఖర్చు భరించలేమని ఏకంగా జట్టునే ఎత్తేసింది. ఊరివాళ్లు, పూర్వ విద్యార్థులు చందాలు పోగేశాక 2017లో మళ్లీ ఆడింది. మ్యాచ్‌లే లేని ఆ రెండు సీజన్లూ కోచ్ బిల్ క్లార్క్ అక్కడే ఉన్నాడు. 2018లో కాన్ఫరెన్స్ టైటిల్ (తాము ఆడే కాలేజీల లీగ్‌లో మొదటి స్థానం) కొట్టారు. ఇంకేం కావాలి?

2025 నుంచి ఆటగాళ్లకే నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. చిన్నవాటికి ఇక చుక్కలే. కోత పడేది టెన్నిస్, ఈత లాంటి వాటికే. అయినా చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అంటారేమిటో!

మేం దేశీ కుర్రాళ్లం పార్కింగ్ లాట్‌లో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడితే సెక్యూరిటీ తరిమేవాడు. ఓ మూల మ్యాటింగ్ వేయించమని స్పోర్ట్స్ ఆఫీసుకి రాశాం. "ఈ ఏడాది నిధులు లేవు" అని రెండు లైన్ల జవాబొచ్చింది. కొత్త కోచ్‌కు స్వాగతం చెప్పే మెయిల్ కూడా ఆ వారమే వచ్చింది, ఫొటోలతో సహా.