గిరిజన కళల ప్రదర్శన పోస్టర్‌కు న్యూలాండ్ ఫాంట్ బాగుంటుందా?

ఆదిలాబాద్ డోక్రా (ఇత్తడి పోత) బొమ్మల ప్రదర్శనకు పోస్టర్ వేస్తున్నానని, ఇంగ్లిష్ పేరుకు న్యూలాండ్ పెట్టి, దానికి జోడీగా లావుగా, గరుకుగా ఉండే తెలుగు ఫాంట్ కావాలని అడిగారు. నేను స్క్రీన్ ప్రింటింగ్ పోస్టర్లు చేస్తాను. న్యూలాండ్ అంటే నాకు ప్రాణం. అయినా ఈ పోస్టర్‌కు మాత్రం వద్దండి.

న్యూలాండ్‌ను చేసింది రుడాల్ఫ్ కోహ్ అనే జర్మన్ కళాకారుడు. 1923లో జర్మనీలోని ఆఫెన్‌బాహ్‌లో, లోహపు అచ్చు అక్షరాలు పోతపోసే క్లింగ్‌స్పోర్ ఫౌండ్రీ నుంచి వచ్చింది. ముందు కాగితం మీద బొమ్మ గీసుకోకుండా, అక్షరాలను నేరుగా లోహంలో చెక్కాడాయన. ఆ మొరటుతనం ఉలి దెబ్బల నుంచి వచ్చిందే. ఒక్కో సైజును విడిగా చెక్కడంతో ఒక సైజులోని అక్షరం ఇంకో సైజులో అచ్చు అలాగే ఉండదు. అడవికీ ఆఫ్రికాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. తర్వాత అమెరికా ప్రకటనల వాళ్లు సఫారీ, జూ, 'ఆదిమ' అనే ప్రతిదానికీ దీన్ని తగిలించారు. జురాసిక్ పార్క్ సినిమా పేరు వల్ల ఇప్పుడు చూడగానే చాలామందికి డైనోసార్లే గుర్తొస్తాయి.

ఇక డోక్రా సంగతి. ఓజా కళాకారులు మట్టి బొమ్మ మీద తేనెమైనాన్ని సన్నటి దారాల్లా చేసి చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే, ఆ మైనం కరిగి పోయిన చోట ఇత్తడి నిండుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. అంత నాజూకైన పనికి మొరటు అక్షరం పెడితే, 'గిరిజనులది కాబట్టి మొరటుది' అని పోస్టరే చెప్పినట్టవుతుంది. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ఒక నాటకం పోస్టర్‌కు న్యూలాండ్ వాడాను, అక్కడ బాగా కుదిరింది. ఇంగ్లిష్ పేరులో రెండు 'ఓ'లు (O) పక్కపక్కనే వచ్చాయి. డిజిటల్ ఫాంట్‌లో రెండూ ఒకటే అచ్చు కదా, చేత్తో చెక్కిన భావన అక్కడే పోతుంది. అక్షరాలను ఔట్‌లైన్స్‌గా (అంచులు కదిలించగల గీతలుగా) మార్చి రెండో దాని అంచులు కాస్త కదిలించాను. పైన గీతలు, మచ్చలు ఉన్న టెక్స్చర్ మాత్రం వేయలేదు, మీరూ వేయకండి. ఇంకోటి, దీంట్లో పెద్దక్షరాలే ఉంటాయి, వివరాలకు వేరే ఫాంట్ తప్పదు.

తెలుగు ఫాంట్లలో రవిప్రకాశ్ లావుగా ఉంటుంది, ఉచితం కూడా. కానీ తెలుగులో లావు పెరిగేకొద్దీ అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. ష, ఘ లాంటివి, వత్తులు స్క్రీన్ మీద బాగానే ఉన్నా ఇంకు పడ్డాక ముద్దైపోతాయి. మీ పోస్టర్‌లో తెలుగు పేరు నాలుగైదు అక్షరాలే అయితే ఫాంటే వద్దు. నల్ల కాగితాన్ని కత్తితో కోసి అక్షరాలు చేసి స్కాన్ చేయండి. తలకట్టు దగ్గర కత్తి మలుపు దానంతటదే కనిపిస్తుంది, గుండ్రనివి మాత్రం నెమ్మదిగా కోయాలి. డోక్రా కోసమైతే నేను ఒకే మందంతో సాగే సన్నటి గీతతో రాస్తాను, మైనపు దారం పోలిక వస్తుంది.

ప్రదర్శనకు గోండు ఊళ్ల వాళ్లు కూడా వస్తారు కదా, పేరును గుంజాల గోండి లిపిలోనూ వేయండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది, 2018లో యూనికోడ్‌లో చేరింది. గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటుకు పంపే ముందు ఆ లిపి చదవగలిగే వారికి ఒకసారి చూపించండి.