లాసిక్ అయిపోయింది కదా అని ఊరుకోకు నానీ

నానీ, నీ మెసేజ్ ఇప్పుడే చూశాను. నిన్న సాయంత్రం నుంచి కుడి కంట్లో నల్ల చుక్కలు తిరుగుతున్నాయి, లైటు ఆపాక కంటి పక్కన మెరుపు మెరిసినట్టుంది, నొప్పి లేదు కాబట్టి వీకెండ్‌లో చూపించుకుంటా అన్నావు. వీకెండ్ దాకా ఆగొద్దు, ఇవాళే వెళ్ళు. అన్నేళ్ళు కంటి ఓపీలో డ్రాప్స్ వేసినదాన్ని, నొప్పి లేదు కదా అని ఆగి ఆగి వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో. రెటీనాకి, అదే కంటి లోపల వెనక వైపు బొమ్మని పట్టే పల్చటి పొరకి, నొప్పి తెలీదురా, చిరిగినా ఊడినా.

చుక్కలు చాలామందికి ఉంటాయి. ఆకాశం వైపో తెల్ల స్క్రీన్ వైపో చూస్తే ఒకటో రెండో దారప్పోగుల్లాంటివి కదుల్తాయి, కన్ను తిప్పితే అవీ జరుగుతాయి. ఏళ్ళ నుంచి అవే ఉంటే కంగారు లేదు. ఉన్నట్టుండి కొత్తవి, అదీ మసి జల్లినట్టు గుంపుగా రావడం, తోడుగా మెరుపులు, ఇది వేరే లెక్క. కంటి లోపలి జెల్లీ వయసుతో పలచబడి రెటీనా నుంచి విడివడుతుంది, మామూలుగా 50 దాటాక, మైనస్ నంబర్ ఎక్కువున్నవాళ్ళకి ఇంకా ముందే. విడివడేటప్పుడు రెటీనాని లాగితే మెరుపులు, ఆ లాగుడికి చిరిగితే ఒక్కోసారి రక్తం చుక్కలు కూడా. చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే వానకి తడిసిన సినిమా పోస్టర్‌లా రెటీనా ఊడొస్తుంది.

నువ్వేమో కళ్ళజోడు తీసేసే లేజర్ ఆపరేషన్, అదే లాసిక్, అయింది, నంబర్ లేదు అంటావు. లాసిక్‌లో చెక్కేది కంటి ముందుండే అద్దంలాంటి పొరని, కార్నియాని. మైనస్ కన్ను పొడుగ్గా ఉంటుంది, ఆ పొడవు అలాగే ఉంది, రెటీనా పలచన కూడా అలాగే ఉంది. అందుకే డాక్టర్ అడక్కపోయినా పాత నంబర్ నువ్వే చెప్పు, పాత చీటీ ఉంటే పట్టుకెళ్ళు.

బయల్దేరే ముందు ఒక్కో కన్ను మూసి రెండోదాంతో గోడ గడియారం చూడు. ఏదో పక్క నుంచి నల్ల తెర దిగినట్టుందా? ఉంటే ఇంక గంటల్లోనే వెళ్ళాలి, నడిమి చూపు పోకముందు ఆపరేషన్ చేస్తేనే చూపు బాగా నిలబడేది.

కళ్ళజోళ్ళ షాపులో కంప్యూటర్ టెస్ట్ చేయించుకుని అంతా బానే ఉంది అనకు, అది నంబర్ చూసే మిషను. రెటీనా డాక్టర్ ఉన్నచోటికే వెళ్ళు, బంజారా హిల్స్ ఎల్వీ ప్రసాద్ అయినా, మెహిదీపట్నం సరోజినీ దేవి అయినా. కౌంటర్‌లో 'కళ్ళు చూపించుకోవాలి' అంటే మామూలు క్యూలో కూర్చోబెడతారు, 'సడన్‌గా నల్ల చుక్కలు, మెరుపులు, రెటీనా చూడాలి' అని గట్టిగా చెప్పు. డ్రాప్స్ వేసి కంటిపాప పెద్దదయ్యేదాకా అరగంట పైనే కూర్చోబెడతారు, తర్వాత తలకి లైటు పెట్టుకున్న డాక్టర్ కన్ను నొక్కి నొక్కి అంచుల దాకా చూస్తాడు, కొంచెం ఇబ్బందే, ఓర్చుకో. కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బైక్ వద్దు, క్యాబ్‌లో వెళ్ళు, చలవద్దాలు పట్టుకెళ్ళు.

చిరుగు మాత్రమే ఉంటే లేజర్‌తో చుట్టూ అతికిస్తారు, చాలావరకు అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. ఊడితే మాత్రం ఆపరేషన్, లోపల గ్యాస్ పెడితే కొన్నాళ్ళు బోర్లా పడుకోవాలి, గ్యాస్ పోయేదాకా విమానం ఎక్కకూడదు. ఏమీ లేదన్నా మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో అడుగు, మానకుండా వెళ్ళు, ఎందుకంటే చిరుగు కొన్ని వారాల తర్వాత కూడా పడొచ్చు. ఈలోగా మెడికల్ షాపులో కొన్న డ్రాప్స్, ఆముదం, ఆకు పసర్లు ఏవీ కంట్లో వెయ్యకు.

అన్నట్టు, మీ అమ్మకి షుగర్ కదా, కంట్లో రక్తం దిగితే తనకీ ఇలాంటి చుక్కలే వస్తాయి, ఏడాదికోసారి రెటీనా చూపించాల్సిందే, నీ పనయ్యాక తన్ని నేను తీసుకెళ్తాను. నీ సంగతి మాత్రం డాక్టర్ చూశాకే అమ్మకి చెప్పు, ముందే చెప్తే రాత్రి బస్సుకే బయల్దేరుతుంది.