గత జన్మ సాక్ష్యం చెల్లదు

అమ్మాయీ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. ముందు ఆ కొరియన్ సీరియల్ చూసి ఆ తర్వాతే చదవమన్నావు కదా, ‘బార్న్ అగైన్’ కూడా చివరిదాకా చూశాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వుకున్నారు, అది వేరే సంగతి. "మొదటి జన్మ రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు మాస్టారూ, రెండో జన్మకొచ్చేసరికి కథ చప్పబడిపోతోంది, ఎందుకంటారు?" అని అడిగావు.

జవాబు ముందే చెప్పేస్తాను. రెండో జన్మలో నీ మనుషులకు సొంత బతుకు లేదు. పాతది గుర్తు తెచ్చుకోవడమే వాళ్ల ఉద్యోగం. అతను ఆమె వెంట ఎందుకు పడుతున్నాడంటే పోయిన జన్మలో ప్రేమించాడు కాబట్టి. ఆమె ఎందుకు మెత్తబడుతుందంటే అప్పుడు ప్రేమించింది కాబట్టి. ఇంకొకడు ఎందుకు చంపుతాడంటే అప్పుడూ చంపాడు కాబట్టి. పాత్రలు చెయ్యాల్సిన పనంతా పూర్వజన్మ చేసిపెడుతుంటే వాళ్లకు మిగిలేది ఉలిక్కిపడటం, కన్నీళ్లు పెట్టుకోవడం. నీ తర్వాతి అధ్యాయాల్లో జరుగుతున్నదదే.

నీకు నచ్చిన సీరియల్‌తోనే మాట్లాడతాను. 2020 ఏప్రిల్ 20 నుంచి జూన్ 9 దాకా కేబీఎస్ 2 అనే కొరియా ఛానల్లో సోమ, మంగళవారాల్లో వచ్చింది. 1980ల్లో పాత పుస్తకాల కొట్టు నడుపుకునే, గుండెజబ్బున్న జంగ్ హా యున్. ఆమెను చేసుకోబోయే డిటెక్టివ్ ఛా హ్యాంగ్ బిన్. ఆమె మీదే ప్రాణాలు పెట్టుకుని చాటున బతికే గాంగ్ జీ చొల్, వరసగా హత్యలు చేసినవాడి కొడుకు. ముగ్గురూ పోతారు. ఇప్పటి కాలంలో ఆమె ఎముకల్ని పరిశోధించే పురావస్తు నిపుణురాలు, డిటెక్టివ్ ప్రాసిక్యూటర్, హంతకుడి కొడుకు చురుకైన మెడికల్ విద్యార్థి. రెండు జన్మలకూ నటులు వాళ్లే: జిన్ సె యోన్, లీ సూ హ్యక్, జాంగ్ కీ యోంగ్. వాళ్ల దేశంలో దీన్ని పెద్దగా చూడలేదు, రేటింగులు తక్కువే. నాకూ చాలాచోట్ల విసుగేసింది. జీ చొల్ చూపుల్ని కెమెరా అంతసేపు ముద్దు చెయ్యడం అస్సలు నచ్చలేదు.

కానీ ఆ ఉద్యోగాలు చూడు. ఎముకలు చూసి మనిషి ఎలా పోయాడో చెప్పే ఆమె, చంపినవాణ్ణి బోనెక్కించే అతను, శవాన్ని కోసి పాఠం నేర్చుకునే ఇంకొకతను. పూర్వజన్మ మాటే ఎత్తకపోయినా ఈ ముగ్గురూ ఒక శవం దగ్గర కలుసుకోగలరు, పోట్లాడుకోగలరు. నువ్వు నేర్చుకోవలసింది ఇది. నీ నాయిక మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోందన్నావు. పొద్దున వెళ్తుంది, సాయంత్రం వస్తుంది. మధ్యలో ఏం చేస్తుందో నీకూ తెలియదు, నాకూ తెలియలేదు. అది తేలేదాకా ఆమెకు పాత కలలు రానివ్వకు.

ముఖం సంగతి ఒకటుంది. తెర మీద అదే నటుడు మళ్లీ కనిపిస్తే చాలు, ప్రేక్షకుడే గుర్తుపడతాడు. రాతలో ఆ సౌకర్యం లేదు. "అవే కళ్లు, అదే చిరునవ్వు" అని నువ్వు రాసినచోట నాకు కళ్లూ కనపడలేదు, నవ్వూ కనపడలేదు. కొరియా వాళ్లు కూడా ఎప్పుడూ ఒకే ముఖాన్ని నమ్ముకోరు. 2016లో మొదలైన ‘గాబ్లిన్’ సీరియల్లో పాతకాలపు రాణిగా కిమ్ సో హ్యున్ వేస్తే, ఆ రాణే మళ్లీ పుట్టిన సన్నీగా యూ ఇన్ నా వేసింది. మన పింగళి సూరన 16వ శతాబ్దంలోనే ‘కళాపూర్ణోదయం’లో ఒక మణిహారాన్ని పెట్టుకున్నాడు. అది ఎదకు తగలగానే పసిపిల్ల మధురలాలసకు వెనకటి జన్మ కథ నోటికొస్తుంది. నీకు హారాలు అక్కర్లేదు. నీ దగ్గర ఉన్నదేదో నువ్వే చూసుకోలేదు. మొదటి జన్మలో ఆమె చిల్లర లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదిలిస్తుందని రాశావు, ఒకే ఒక్కసారి. రెండో జన్మలో సిటీ బస్సులో ఓటీపీ చదువుకుంటూ ఒకమ్మాయి పెదాలు కదిలించిందనుకో, పాఠకుడి ఒళ్లు జలదరిస్తుంది. నువ్వింకేమీ చెప్పకు. పైగా అలా పెదాలు కదిపేవాళ్లు ఊరినిండా ఉంటారు కాబట్టి ఆమె నిజంగా ఆమేనా అన్న అనుమానం కూడా మిగులుతుంది. ఆ అనుమానాన్ని తెర నిలబెట్టలేదు, నువ్వు నిలబెట్టగలవు. దాన్ని ఎన్ని పేజీలు మోయగలిగితే అన్ని పేజీలు మొయ్యి.

నాకు గట్టి అభ్యంతరం ఉన్నది మూడో అధ్యాయం మీద. హన్మకొండ బస్టాండులో అతను ఆమె చెయ్యి పట్టుకుని "నువ్వు నాదానివి, నీకు గుర్తు లేదంతే" అంటాడు. చుట్టూ వాన. నువ్వు ఆ సన్నివేశాన్ని ప్రేమగా రాశావు, భాష కూడా అందంగా కుదిరింది. ఒక్కసారి ఆమె వైపు నిలబడు. ముక్కూమొహం తెలియని మగవాడు చెయ్యి పట్టుకున్నాడు. తన మీద తనకు తెలియని హక్కేదో ఉందంటున్నాడు. వెంటపడేవాళ్లందరూ చెప్పేది ఇదే కదా: "నీ మనసు నీకంటే నాకే బాగా తెలుసు." మామూలు కథలో ఆ మాటకు ఆధారం ఉండదు. పునర్జన్మ కథలో రచయితే వాడికి ధ్రువపత్రం రాసిస్తాడు. నువ్వు రాసిచ్చావు.

కొరియాలో ఇది కథల వరకే ఆగిన విషయం కాదు. అక్కడ వెంటపడి వేధించడాన్ని చాలాకాలం చిల్లర నేరాల కిందే లెక్కేశారు. జరిమానా లక్ష వోన్లకు మించేది కాదు, అంటే మన ఆరేడు వేల రూపాయలు. ప్రత్యేక చట్టం అమలులోకి వచ్చింది 2021 అక్టోబర్‌లో. ఆ మరుసటి ఏడు సెప్టెంబర్‌లో సియోల్‌లోని సిందాంగ్ మెట్రో స్టేషన్‌లో, అక్కడ పనిచేసే యువతిని ఆమె వెంటపడుతూ వచ్చిన పాత సహోద్యోగి చంపేశాడు. వేధింపుల కేసులో అతనికి మర్నాడు తీర్పు రావాల్సి ఉంది. బాధితురాలు వద్దంటే కేసు వదిలేసే నిబంధన చట్టంలో ఉండేది. రాజీకి రమ్మని ఆమె మీద పడటానికి అదే దారిస్తోందని గోల రేగితే 2023లో తీసేశారు. నువ్వు చూసిన సీరియల్ వీటన్నిటికీ ముందుది. నువ్వు రాస్తున్నది వీటి తర్వాత. మన దగ్గరా 2013 నుంచి ఇది నేరమే. మన సినిమా హీరోలకు మాత్రం ఆ కబురు ఆలస్యంగా అందింది, కొందరికి ఇంకా అందలేదు.

అలాగని వెర్రి ప్రేమ రాయొద్దనడం లేదు. రాయి, కానీ ఆమెకు కాదనే హక్కు ఉంచు. బాణుడు మొదలుపెట్టి కొడుకు పూర్తిచేసిన ‘కాదంబరి’ గుర్తుందా? మహాశ్వేత ప్రేమించిన పుండరీకుడు విరహంతో పోతాడు. వైశంపాయనుడిగా పుట్టి, ఏమీ గుర్తులేకుండానే ఆమె దగ్గరికొచ్చి వెంటపడతాడు. ఆమె వద్దంటుంది. వినడు. చిలకవై పుట్టమని శపిస్తుంది. తాను శపించింది ఎవరినో తర్వాత తెలిసి గుండెలు బాదుకుంటుంది. ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న మనిషే ఎదుట నిలబడితే వద్దనడం, అదీ న్యాయంగానే వద్దనడం! ఇంతకంటే గట్టి సన్నివేశం ఏ సీరియల్లోనూ చూడలేదు నేను. ‘గాబ్లిన్’లో సన్నీ ఇంకో దారి పట్టింది. పాత జన్మ గుర్తొచ్చాక, అప్పట్లో రాజుగా ఉండి తన అన్న చావుకు కారణమైనవాడే ఇప్పుడు తను ఇష్టపడుతున్న యమదూత అని తెలిసింది. ఇష్టం పోలేదు. అయినా ఈ జన్మకు వద్దనుకుని విడిపోయింది. అతనికి అదే శిక్ష. గుర్తు రావడం వేరు, ఒప్పుకోవడం వేరు. నీ నవలలో ఆ రెండూ ఒకే పేరాలో జరిగిపోతున్నాయి.

హత్య దగ్గరికొద్దాం. ఇక్కడ నువ్వు అరువు తెచ్చుకున్నది మన నేలకు అతకలేదు, ఎందుకో నీకు తట్టి ఉండదు. కొరియా కథలు మాటిమాటికీ 1980ల్లోకి ఎందుకు వెళ్తాయంటే, హ్వాసాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 దాకా పదిమంది ఆడవాళ్లను చంపిన కేసు ఆ దేశాన్ని దశాబ్దాల పాటు నిద్రపోనివ్వలేదు. అప్పట్లో అక్కడ హత్య కేసు నడపడానికి కూడా కాలపరిమితి ఉండేది, పదిహేనేళ్లు. 2006కల్లా ఆ కేసులన్నిటికీ కాలదోషం పట్టింది. 2019లో డీఎన్ఏ పరీక్షలో హంతకుడు దొరికాడు, అప్పటికే మరో హత్యకు జైల్లో ఉన్నాడు. నేరాలు ఒప్పుకున్నాడు కూడా. వాటికి శిక్ష వెయ్యడానికి మాత్రం చట్టం దగ్గర దారి లేదు. వాటిలో ఒక హత్య కేసులో, దానితో సంబంధం లేని మనిషి ఇరవై ఏళ్లు జైల్లో మగ్గి, 2020 డిసెంబర్‌లో నిర్దోషిగా తేలాడు. కాలపరిమితి 2015లో ఎత్తేశారు గానీ పాతవాటికి అది పనికిరాలేదు.

ఇప్పుడు ఆలోచించు. కోర్టుకు గడువు తీరిపోయినచోట చనిపోయిన మనిషికి న్యాయం అడగడానికి ఏముంది? మళ్లీ పుట్టడమే. వాళ్ల కథల్లో పునర్జన్మకు అంత ఆకలి అక్కడి నుంచి వచ్చిందని నా ఊహ. మన దేశంలో హత్యకు కాలపరిమితి లేదు. నీ 1984 నాటి హత్య మీద ఇవాళ కూడా కేసు నడపొచ్చు. మరి నీ కథలో పునర్జన్మ ఎందుకు అవసరమైంది? దీనికి నువ్వు జవాబు వెతకాలి. నన్నడిగితే మన దగ్గర గడువు తీరేది సాక్షులకు. ఊరంతా చూసి ఉంటుంది, బోనెక్కాక ఒక్కడికీ గుర్తుండదు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసేసి ఉంటారు. అటువంటి ఊళ్లో చచ్చిపోయిన మనిషే తిరిగొచ్చిందంటే అప్పుడు ఆ పుట్టుకకు పని ఉంది. కానీ ఆమె చెప్పేది ఏ జడ్జీ వినడు. తెలిసీ రుజువు చెయ్యలేకపోవడంలోనే నీ నవల నడవాలి.

‘బార్న్ అగైన్’లో నాకు బాగా పట్టిన ముడి ఇంకోటి ఉంది. ఆ ప్రాసిక్యూటర్ నేరబుద్ధి రక్తంలోనే ఉంటుందని నమ్మే మనిషి. ఎదురుగా ఉన్నవాడికి పోయిన జన్మలో తండ్రి హంతకుడు. తండ్రి చేసిన పాపం కొడుక్కి అంటుతుందా? ఆ జన్మలో చేసింది ఈ జన్మకు అంటుతుందా? రెండు ప్రశ్నలూ ఒకే మనిషి మీద పెట్టారు. ఆ దేశంలో ఇది ఊరికే వేసిన ప్రశ్న కాదు. బంధువుల్లో ఒకరికి వామపక్షమన్న ముద్ర పడితే కుటుంబమంతటికీ ఉద్యోగాలు రాని రోజులు ఉండేవి. బంధువు చేసిన పనికి ఎవరికీ నష్టం జరగకూడదని ఇప్పుడు వాళ్ల రాజ్యాంగం 13వ అధికరణంలోనే రాసుకున్నారు. మనం "తండ్రి పోలికే", "పూర్వజన్మ కర్మ" అని ఎంత తేలిగ్గా అనేస్తామో చూడు. నీ విలన్ విషయంలో నువ్వూ అలాగే అనేశావు. ఈ జన్మలో వాడు ఇంకా ఏ తప్పూ చెయ్యలేదు, అప్పుడే నీ వాక్యాలు వాణ్ణి పాములా పాకిస్తున్నాయి. వాడికి ఒక మంచి మధ్యాహ్నం ఇవ్వు. తల్లికి మందులు తెచ్చి, చిల్లర తనే ఉంచుకునే లాంటిది.

ప్రతి అధ్యాయాన్నీ అరుపుతో ముగించడం మాత్రం మానెయ్యి. ఆ సీరియల్ ముప్పై రెండు భాగాలుగా కనిపిస్తుంది గానీ నిజానికి పదహారు రాత్రులే. కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వెయ్యడానికి అక్కడి ప్రధాన ఛానళ్లకు 2021 జూలై దాకా అనుమతి లేదు. అందుకని గంట భాగాన్ని రెండుగా కోసి, ఆ సందులో ప్రకటనలు పెట్టేవాళ్లు. అరగంటకోసారి కుర్చీలోంచి లేపడం వ్యాపారం కోసం. నువ్వు రాసే యాప్‌లో ఆ బలవంతం కొంత ఉండొచ్చు, కాదనను. అయినా మూడింట ఒక అధ్యాయమైనా మామూలుగా ముగియనీ.

చివరగా ఒక పాత కథ. 13వ శతాబ్దంలో ఇర్యోన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన పాత కొరియా కథల పుస్తకం ‘సామ్‌గుక్ యూసా’లో ఉంది. సిల్లా అనే పాత కొరియా రాజ్యంలో ఒక పేదరాలి కొడుకు దేసాంగ్, ఉన్న చెక్క పొలాన్నీ గుడికిచ్చి చనిపోతాడు, మంత్రి ఇంట్లో పుడతాడు. పిడికిట్లో తన పేరున్న బంగారు రేకుతో పుడతాడు. పాత తల్లిని కూడా తెచ్చుకుని ఆ ఇంట్లోనే పోషిస్తారు. పెద్దయ్యాక ఈ జన్మ తల్లిదండ్రుల కోసం బుల్‌గుక్సా అనే బౌద్ధాలయం, పాత జన్మ తల్లిదండ్రుల కోసం సొక్కురామ్ అనే గుహాలయం కట్టించాడంటారు. 751లో పని మొదలైంది, గ్యోంగ్జూ నగరంలో రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కొరియా వాళ్ల పేరున్న పాత పునర్జన్మ కథల్లో ఒకటైన దీన్లో ప్రియుడూ లేడు, ప్రేయసీ లేదు. ఉన్నది బాకీ, అదీ ఇద్దరు తల్లులకు. నాకు అంతకన్నా నచ్చింది మధ్యలో వచ్చే ఎలుగుబంటి. దేసాంగ్ వేటలో దాన్ని చంపుతాడు. ఆ రాత్రి కల్లోకొచ్చి "నన్నెందుకు చంపావు? నిన్ను తింటాను" అంటుంది. అతను వణికిపోయి క్షమించమంటాడు, దాని పేర గుడి కడతానని మాటిస్తాడు, కడతాడు.

నీ నవలలో మొదటి జన్మలో విలన్ కాక నలుగురు చనిపోతారు. వాళ్లలో ప్రేమికులు ఇద్దరికే మళ్లీ పుట్టుక దక్కింది. ఆ కిరాణా కొట్టు ముసలాయన, ఆ పాలమ్మే పిల్ల కథకు అడ్డం వచ్చి పోయారు, మళ్లీ ఊసు లేదు. ఆ ఎలుగుబంటికి దొరికినపాటి మాట కూడా వాళ్లకు దొరకలేదు. నేనైతే పాలమ్మే పిల్లను మళ్లీ పుట్టిస్తాను. ప్రేమికుల్ని పుట్టించాలో వద్దో తర్వాత చూస్తాను.

ముందు బస్టాండు సన్నివేశాన్ని ఆమె కళ్లతో తిరగరాసి పంపు. వాన తీసెయ్యి. సంక్రాంతి లోపల పంపితే వెంటనే చదువుతాను. ఆ తర్వాత కంటి ఆపరేషన్ పెట్టుకున్నాం, కొన్నాళ్లు అక్షరం ముట్టుకోవద్దన్నారు.

ఆశీస్సులతో,
మాస్టారు