గోడపత్రిక మొదలుపెడుతున్న చెల్లెకు

మహబూబ్‌నగర్

ప్రియమైన చెల్లెకు,

నీ ఉత్తరం అందింది. కథల సంపుటి గురించి రాస్తావనుకుంటే, నల్లగొండలో నువ్వు పాఠం చెబుతున్న డిగ్రీ రెండో సంవత్సరం పిల్లల గురించి నాలుగు పేజీలు రాశావు. ఆ అరవై మంది చేత ఈ సెమిస్టరంతా తమ ఊళ్ళ గురించి రాయించి, కాలేజీ వరండాలో గోడపత్రికగా అతికించి, చివరికి ఒక పుస్తకంగా కుట్టించాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. 'నాకే ఇంకా రాయడం కుదరలేదు, వాళ్ళ చేత ఎట్లా రాయించేది' అని అడిగావు. పాలమూరు కాలేజీల్లో ఇదే పని చాలా ఏళ్ళు చేసినవాణ్ణి గనుకా, అందులో కొంత చెడగొట్టినవాణ్ణి కూడా గనుకా, చెప్పడానికి నా దగ్గర కొంత ఉంది.

మొట్టమొదట, 'మా ఊరు' అన్న శీర్షిక ఇవ్వకు. నేను ఒకసారి పిల్లలమర్రి మీద రాసుకురమ్మని ఒక తరగతికి చెప్పాను. వచ్చిన నలభై కాగితాలలో ముప్ఫైకి పైగా ఒకే వాక్యంతో మొదలయ్యాయి: ఏడు వందల ఏళ్ళ చరిత్ర గల, సుమారు మూడెకరాల్లో విస్తరించిన మహావృక్షం అని. పిల్లలు అబద్ధం రాయలేదు; పర్యాటక శాఖ బోర్డు మీదా, వాళ్ళ ఫోన్లలోనూ ఉన్న మాటే రాశారు. తప్పు నాదే, ఎందుకంటే ఎవరైనా జవాబు చెప్పగల ప్రశ్న అడిగాను. మరుసటి రోజు కాగితాలు పక్కన పెట్టి, ఆ చెట్టు దగ్గర మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఏదైనా పని చేశారా అని అడిగితే, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "మా మామ దానికి సెలైన్ సీసాలు కట్టనీకి పోయిండు సార్" అన్నది. 2018లో చెట్టుకు చెదలు పట్టినప్పుడు కొమ్మలకు సీసాలు వేలాడదీసి, మనిషికి ఎక్కించినట్టే చుక్క చుక్కగా మందు ఎక్కించిన సంగతి నీకూ గుర్తుండవచ్చు. ఆ అమ్మాయి తరువాత రాసిన ఒకటిన్నర పేజీలో చెట్టు వయసు ఎక్కడా లేదు. ఎన్ని రంధ్రాలు చేశారో, మామకు రోజు కూలీ ఎంత పడిందో, ఇంటికొచ్చి చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా మందు వాసన ఎట్లా పోలేదో ఉన్నాయి.

కనుక నీ పని శీర్షికలు ఇవ్వడం కాదు, ఒక్కొక్కరికీ వాళ్ళు మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న వెతికి ఇవ్వడం. అరవై మందికి అరవై ప్రశ్నలు దొరకాలంటే ముందు వాళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలియాలి. మొదటి వారం పాఠం మానేసి, ఏ ఊరు, ఏ బస్సు, ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు అన్నవి అడిగి రాసుకో. మర్రిగూడ వైపు నుంచి వచ్చే పిల్లవాడికి, బోరు నీళ్ళలో ఉండి ఎముకలను బిగదీసే ఫ్లోరైడ్ గురించి రాయమంటే 'ఫ్లోరైడ్ భూతం' అని మొదలుపెడతాడు. ఆ మాట వార్తాపత్రికల్లో ఎన్ని వేలసార్లు అచ్చయిందో, దాని పదును అంతగా అరిగిపోయింది. దానికి బదులు, మీ తాత ఏ వయసు నుంచి మెడ తిప్పలేకపోయాడు, కింద కూర్చోలేని మనిషి పెళ్ళి పంక్తిలో ఎక్కడ కూర్చుంటాడు, మీ ఇంట్లో తాగే నీళ్ళు ఏవి, వంట నీళ్ళు ఏవి, ఆ తేడా ఎవరు ఎప్పుడు పెట్టారు అని అడుగు. రసాయనశాస్త్రం చదివే వాళ్ళుంటే వాళ్ళను ఇంకో దారిలో పంపు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో, పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఇతర దేశాల పాఠ్యపుస్తకాల్లోకి తమ జిల్లా పేరు ఒక జబ్బు కారణంగా వెళ్ళిందని తెలిసినప్పుడు ఆ పిల్లలకు ఏమనిపిస్తుందో, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములన్న హద్దు తమ ఊరి బోరుబావిలో ఎంత దాటిందో, వాళ్ళే కనుక్కుని రాయాలి. పానగల్లు పిల్లలుంటే ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో రోజంతా కదలకుండా కనిపించే నీడ గురించి కాక, ఆ నీడను చూడవచ్చినవాళ్ళకు సోడాలు అమ్మే మనిషి గురించి అడుగు. నీడ గురించి ఇప్పటికే చాలామంది రాశారు.

ఇక దిద్దడం సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను ఎక్కువ చెడగొట్టింది ఇక్కడే. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో, నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి తన తల్లిదండ్రులు బొంబాయి పనికి పోయిన రాత్రి గురించి రాశాడు. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం: "బస్సు కదిలినంక అమ్మ కిటికీల నుంచి చెయ్యి ఊపలేదు, సంచి పట్టుకున్నది." నేను ఎర్ర సిరాతో 'కిటికీల' మీద గీత గీసి 'కిటికీలో' అని రాసి, చివరి భాగం కొట్టేసి, 'ఆమె కన్నుల్లో కన్నీటి చుక్క మెరిసింది' అని చేర్చాను. ఆ వయసులో నా కథల్లో కన్నీటి చుక్కలు అట్లాగే మెరిసేవి. ఆ పిల్లవాడు దిద్దిన కాగితం తీసుకుని, "మంచిగున్నది సార్, కానీ అమ్మ ఏడ్వలే" అన్నాడు. తరువాత ఆ ఏడాదంతా అడిగినదానికి సరిపడా రాసిచ్చాడు గానీ, తనంతట తానుగా ఒక్క వాక్యమూ రాయలేదు. సంచి పట్టుకున్న చేయి ఊపడానికి ఖాళీగా ఉండదన్న సంగతి నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

కాబట్టి కాగితం మీద వాక్యం రాయకు, ప్రశ్న మాత్రం రాయి. సంచిలో ఏముంది అని అడిగి ఉంటే అతను రెండో పేజీ రాసేవాడు. అక్షరదోషాలను వదిలేయమని నేను అనడం లేదు. గోడ మీదికి వెళ్ళే ముందు చివరి రాతప్రతిలో వాటిని వాళ్ళ చేతనే సరిచేయించు, ఒత్తులూ దీర్ఘాలూ తప్పు పోతే చదివేవాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వు పిల్లల మీద పడుతుంది. కాని అక్షరదోషం వేరు, మాట వేరు. 'వచ్చిండు', 'ఏడికి పోయినవ్', 'గప్పుడు' అన్నవి దోషాలు కావు. కథనం ఏ తెలుగులో నడపాలో వాళ్ళనే నిర్ణయించుకోనీ, సంభాషణ మాత్రం మాట్లాడిన మనిషి నోట్లో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలని పట్టుబట్టు. ఒక చిన్న పని చేసి చూడు: బియ్యప్పిండి గిన్నెకు అద్ది కాల్చే రొట్టెను ఇంట్లో ఏమంటారో ఒక్కొక్కరినీ నల్లబల్ల మీద రాయమను. సర్వపిండి అనీ, గిన్నప్ప అనీ, తపాలచెక్క అనీ పడతాయి. ఏది సరైనదని వాళ్ళు వాదించుకుంటుంటే నువ్వు కల్పించుకోకు. దేవరకొండ తండాల పిల్లలు ఆ రొట్టెకు కాకపోయినా ఇంకొకదానికి తమ లంబాడీ భాష గోర్‌బోలీలోని మాట చెబుతారు, దాన్ని తెలుగు లిపిలో ఎట్లా రాయాలో ఆ పిల్లలే తేలుస్తారు. ఫోన్‌లో మాట్లాడి టైపు చేసేవాళ్ళను మాత్రం ఒక కంట కనిపెట్టు. 'గట్ల' అంటే అది 'గట్టు' అని రాసుకోవడం నేను చూశాను, పిల్లలు అట్లాగే తెచ్చి ఇచ్చారు.

పద్ధతి గురించి అడిగావు, అది పెద్ద విషయం కాదు. వారానికొకటి రాయించకు, సెమిస్టరుకు నాలుగు రచనలు చాలు, ఒక్కొక్కటి రెండుసార్లు తిరగరాయాలి. తరగతిని నాలుగు గుంపులు చేస్తే ఏ వారమైనా గోడ మీద పదిహేను కాగితాలకు మించవు. ఇంటర్నల్ మార్కులు భాషకు కాక తిరగరాసినందుకు వేయి. మొదటి ప్రతికీ మూడో ప్రతికీ మధ్య ఏం మారిందో చూపించినవాడికి పూర్తి మార్కులు ఇచ్చినా నష్టం లేదు. ప్రతి రచన కిందా ఇంకో ఇద్దరు విద్యార్థులు నాలుగేసి వాక్యాలు రాయాలి, అందులో 'బాగుంది', 'చాలా బాగుంది' అన్న మాటలు వాడకూడదన్న ఒక్క నియమం పెట్టు. ఆ నియమం లేకపోతే అరవై కాగితాల కిందా అవే రెండు మాటలు ఉంటాయి.

ఇప్పుడు నువ్వు అడగని విషయం. గోడ మీద పెట్టిన కాగితాన్ని కాలేజీలోవాళ్ళే చదువుతారని అనుకోవద్దు, అది ఊరికి వెళుతుంది. మా దగ్గర ఒక విద్యార్థి, కూలీలను వలస పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర తన తండ్రి తీసుకున్న అడ్వాన్సు గురించీ, దాని మీద వడ్డీ గురించీ ఊరి పేరుతో సహా రాశాడు. మంచి రచన, నేనే ముందు నిలబడి చదివించాను. పది రోజులకు ఎవరో దాన్ని ఫోటో తీసి ఆ ఊరికి పంపారు. మేస్త్రి ఆ ఏడాది ఆ ఇంటివాళ్ళను పనికి పిలవలేదు. ఆ తండ్రి కాలేజీకి వచ్చి నా మీద కోప్పడలేదు, "రాస్తే రాసిండు సార్, మాకొకమాట చెప్పకపోతిరి" అన్నాడు అంతే. అప్పటి నుంచి నా తరగతిలో ఒక కట్టుబాటు ఉండేది. బతికి ఉన్న మనిషి గురించి రాసినప్పుడు, రాసినదాన్ని ఆ మనిషికి చదివి వినిపించాలి. వాళ్ళు వద్దన్న భాగం తీసేయాలి, లేదా పేరూ ఊరూ మార్చాలి. చదువురాని అవ్వకు మనుమరాలు తన రాత చదివి వినిపించడంలో ఇంకొక లాభం ఉంది: "గది గట్ల కాదే" అని అవ్వ సరిచేస్తుంది. మన ఎర్ర సిరా కన్న ఆ దిద్దుబాటు ఎక్కువ పనికొస్తుంది. కులం, అప్పు, జబ్బు, ఆడపిల్ల పెళ్ళి, ఈ నాలుగు విషయాల మీద వచ్చిన ప్రతి కాగితాన్నీ అతికించే ముందు ఆ విద్యార్థితో విడిగా కూర్చుని మాట్లాడు. గోడ మీదికి రాకుండా నీ దగ్గరే ఉండిపోవలసినవి కొన్ని వస్తాయి, వాటికి కూడా మార్కులుంటాయని ముందే చెప్పు.

పుస్తకం విషయంలో, ఎవరి పేరు వాళ్ళ రచన మీద ఉండాలన్నది నీకు చెప్పనక్కరలేదు. గడియారం సెంటర్‌లో ఎవరితోనైనా టైపు చేయిస్తే యూనికోడ్‌లోనే చేయించమని గట్టిగా అడుగు. పాత అను ఫాంట్లలో చేసినది అచ్చులో అందంగానే ఉంటుంది గాని, రేపు ఏ పిల్లవాడైనా తన రచనను ఫోన్‌లో తెరిస్తే అర్థంలేని అక్షరాల కుప్ప కనబడుతుంది. మీ ఊరి నుంచి 1922లోనే నీలగిరి పత్రిక వెలువడింది, ఆ సంగతి మొదటి రోజే పిల్లలకు చెప్పు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి జవాబుగా ఎంత పెద్ద వ్యాసమైనా రాయగలిగేవారే. దానికి బదులు ఆయన 354 మంది కవులను కూడగట్టి 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చు వేశారు. రాయగలిగినవాడు కూడా తన వాక్యాన్ని పక్కన పెట్టి ఎదుటివాళ్ళ వాక్యాలకు చోటు చూడడం ఎట్లా ఉంటుందో తెలియాలంటే ఆ సంచికను ఒకసారి తిరగేయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు కథలు రాసే మనిషివి. రెండు మూడు వారాలు గడిచేసరికి ఆ కాగితాల్లో నీకు కథలు కనబడతాయి. సంచి పట్టుకున్న ఆ తల్లిని నేను, కొట్టేసిన నాలుగేళ్ళకు, నా కథలో పెట్టుకున్నాను. ఆ కథకు మంచి పేరు వచ్చింది. ఆ విద్యార్థి ఎక్కడో చదివి ఒక కార్డు రాశాడు, అందులో నిష్ఠూరం లేదు, "ఈసారి ఏడిపించలేదు సార్" అని మాత్రం ఉంది. ఆ కార్డుకు నేను జవాబు రాయలేదు. రాయడానికి ప్రయత్నించిన ప్రతిసారీ, అతని వాక్యం మొదట అతని పేరుతో గోడ మీదికి ఎక్కనివ్వని మనిషి, దాన్ని తన పేరుతో అచ్చు వేయించుకోవడానికి ఏ సంజాయిషీ చెప్పుకోగలడో తోచలేదు. పిల్లలు రాసినదాని నుంచి ఏదైనా నీకు కావాలనిపిస్తే అడిగి తీసుకో, ఎవరి దగ్గర తీసుకున్నావో కథ కింద రాయి. పుస్తకం వచ్చే దాకా మాత్రం అడగనే అడగకు, లెక్చరర్ అడిగితే కాదనే ధైర్యం ఆ వయసు పిల్లలకు ఉండదు.

ఇంకొకటి. రచనలు చదివించడం ఆఖరి పీరియడ్‌లో పెట్టుకున్నానని రాశావు. పల్లెల పిల్లలు మూడు దాటిందంటే బస్సు కోసం కిటికీలోంచి చూస్తుంటారు, పాస్ ఉన్న బస్సు పోతే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ప్రిన్సిపల్ గారిని అడిగి దాన్ని రెండో పీరియడ్‌కు మార్పించుకో. దసరా సెలవుల తరువాత నేను నల్లగొండ వస్తాను. నా కోసం కాపీలు తీయించవద్దు, వరండాలో నిలబడే చదువుకుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్న