ఇక పిల్లలు చాలనుకున్నాక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మొదటి కాన్పు సిజేరియన్. వచ్చే నెల రెండోది, అదీ సిజేరియనే అన్నారు. "ఎలాగూ పొట్ట కోస్తారు, పనిలో పనిగా ట్యూబులు కూడా ముడి వేయించేసుకో" అని ఇంట్లో అందరూ అంటున్నారు. నాకూ ఇక పిల్లలు వద్దనే ఉంది. చేయించుకోవచ్చా?

జవాబు: చేయించుకోవచ్చు. అండం గర్భసంచికి చేరే దారులే ఈ ట్యూబులు. వాటిని మూసే ఈ ఆపరేషన్‌ను (ట్యూబెక్టమీ) సిజేరియన్‌తో పాటు చేస్తే వేరే కోత, వేరే మత్తు అక్కర్లేదు. అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే. కానీ మీ ఉత్తరంలో ఆ "పనిలో పనిగా" అన్న మాట దగ్గర ఆగిపోయాం. పొట్ట ఎలాగూ తెరుస్తారు కాబట్టి చేయించుకోవడం వేరు, మళ్లీ బిడ్డ వద్దని తేల్చుకుని చేయించుకోవడం వేరు.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం మీ వయసు. అమెరికాలో పది వేలమందికి పైగా మహిళలను ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్ నాటికి 30 ఏళ్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో 14 ఏళ్లు తిరిగేలోగా "ఎందుకు చేయించుకున్నానా" అనుకున్నవాళ్లు 100కి 20 మంది. 30 దాటినవాళ్లలో సుమారు ఆరుగురే. 26 ఏళ్లవాళ్లలోనూ ఎక్కువమంది బాధపడరన్నది నిజమే, అది కూడా గుర్తుపెట్టుకోండి. బాధపడేవాళ్ల కారణాలు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి: ఉన్న బిడ్డ దక్కకపోవడం, పెళ్లి విచ్ఛిన్నమై మరో జీవితం మొదలవడం, మొదట్లోనే ఎవరో ఒత్తిడి చేసి ఒప్పించడం. అడగడానికి మనసొప్పని ప్రశ్నే అయినా మీరొక్కరే కూర్చుని ఒకసారి అడుక్కోండి: వీటిలో ఏది జరిగినా మళ్లీ బిడ్డ కావాలనిపించదా? "అనిపించదు" అని తడుముకోకుండా జవాబు వస్తే ముందుకెళ్లండి. తటపటాయిస్తే ఆగండి.

ఆగితే చేతిలో మంచి దారులే ఉన్నాయి. సిజేరియన్ బల్ల మీదే, మాయ తీసిన పది నిమిషాల్లో గర్భసంచిలో కాపర్-టీ వేయించుకోవచ్చు. 380ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది. కాన్పు సమయంలో వేసినది జారిపోయే అవకాశం మామూలు కన్నా కొంచెం ఎక్కువ కనుక ఆరు వారాలకు చూపించుకోవాలి. హార్మోన్ లూప్ లేదా చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ కూడా ఉన్నాయి. మొదటి ఏడాదిలో వెయ్యిమందికి గర్భం వచ్చేది ట్యూబెక్టమీతో సుమారు ఐదుగురికి, కాపర్-టీతో ఎనిమిది మందికి, హార్మోన్ లూప్‌తో ఇద్దరికి, ఇంప్లాంట్‌తో ఒకరికి. అంటే "ఆపరేషనే గట్టిది, మిగతావి ఉత్తవి" అనేది పాత మాట. వీటిని తీయించేసుకుంటే మళ్లీ గర్భం దాల్చవచ్చు. 36వ ఏట ఇదే ప్రశ్న వేసుకున్నా మించిపోయేదేమీ లేదు.

మరో గర్భం మీ ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పి ఉంటే లెక్క మారుతుంది. సిజేరియన్లు పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టులోకి లోతుగా అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. మీ విషయంలో అది ఎంతో సూటిగా అడగండి.

చేయించుకోవాలనే తేలితే కాన్పుకు కొన్ని వారాల ముందే చెప్పి, కాగితాలు చదివి సంతకం చేయండి. నొప్పుల మధ్య ఎవరో కలం చేతికిస్తే పెట్టకండి. "బిడ్డ ఆరోగ్యం సరిగా లేకపోతే ఆపరేషన్ వద్దు" అని కూడా ముందే రాయించండి. సంతకం పెట్టాక కూడా, ఆ క్షణం వరకు వద్దనే హక్కు మీదే.

ప్రశ్న: కట్ చేస్తారంటారు, రింగ్ అంటారు, క్లిప్ అంటారు. ఏది నయం?

జవాబు: ట్యూబు పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. గర్భసంచి దగ్గర సన్నగా మొదలై, అండాశయం వైపు వెడల్పై, కుచ్చులతో ముగుస్తుంది. కోత పద్ధతిలో మధ్య భాగాన్ని చిన్న మెలికలా పైకెత్తి, కరిగే దారంతో కట్టి, మెలికను కోసేస్తారు. తర్వాత దారం కరిగి రెండు కొసలూ విడిపోతాయి. రింగ్ పద్ధతిలో అదే మెలికకు సిలికాన్ రింగు తొడుగుతారు. క్లిప్‌ను గర్భసంచి నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో, సన్నటి భాగానికి అడ్డంగా బిగిస్తారు. కరెంటుతో కాల్చే పద్ధతిలో ఒక్కచోట కాల్చితే చాలదు, పక్కపక్కనే మూడు చోట్ల, మొత్తం మూడు సెంటీమీటర్ల మేర కాల్చాలి.

కాన్పు వెంటనే అయితే కోత పద్ధతే మేలు. అప్పుడు ట్యూబు ఉబ్బి ఉంటుంది, క్లిప్ సరిగా మూసుకోదు. పైన చెప్పిన అమెరికా పరిశీలనలోనే, పదేళ్లలో వెయ్యికి గర్భాలు అన్ని పద్ధతులూ కలిపి 18, 19 ఉంటే, కాన్పు తర్వాత కోసినవాళ్లలో ఏడెనిమిదే. అప్పటి పాత స్ప్రింగ్ క్లిప్‌తో 36కు పైగా.

విఫలమవడానికి ఒక కారణం వినడానికి వింతగా ఉంటుంది: ట్యూబు అనుకుని పక్కదాన్ని పట్టుకోవడం. గర్భసంచి అదే మూల నుంచి రౌండ్ లిగమెంట్ అనే తాడు కూడా బయల్దేరుతుంది. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే సర్జన్ ట్యూబును కుచ్చుల దాకా వెంబడించి చూశాకే క్లిప్ వేయాలి. మరికొందరిలో కోసిన కొసల మధ్య సన్నటి దారి మళ్లీ ఏర్పడుతుంది. ఇంకొందరు ఆపరేషన్ నాటికే గర్భవతులు. పరీక్షలో తేలనంత తొలిరోజులవి. అందుకే నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు చేయించుకోవడం మంచిది. ఆ రోజు దాకా పాత జాగ్రత్తలు వదలకూడదు.

ఈమధ్య ట్యూబులను పూర్తిగా తీసేయడం పెరిగింది. అండాశయ క్యాన్సర్లలో చాలా భాగం ఆ కుచ్చుల చివరే మొదలవుతాయి కాబట్టి ఆ ముప్పూ తగ్గుతుంది. ఇక తిరిగి అతికించే మాటే ఉండదు. మనసు గట్టిగా నిలిచినవాళ్లకు మా ఓటు దీనికే.

ప్రశ్న: ఆపరేషన్ అయి ఆరేళ్లు. ఈ నెల పదిరోజులు ఆలస్యమైంది. ఆపరేషన్ అయింది కదా అని ఊరుకున్నాను. పొత్తికడుపులో ఒకవైపు లాగుతోంది.

జవాబు: ఊరుకోకండి. ఈ పేజీ పక్కన పెట్టి ఇవాళే గర్భ పరీక్ష చేసుకోండి. పాజిటివ్ వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లి స్కాన్ తీయించండి. ఆపరేషన్ విఫలమై వచ్చిన గర్భాల్లో మూడింట ఒకటి ట్యూబులోనే నిలుస్తుంది. ఏళ్లు గడిచాక కూడా వస్తుంది. నెల తప్పడం, ఒకవైపు నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనిపించడం తొలి గుర్తులు. కళ్లు తిరగడం, భుజం కొన నొప్పి మొదలైతే లోపల రక్తస్రావం అవుతున్నట్టే. అప్పుడు ఇంట్లో పరీక్ష కూడా వద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత లావెక్కుతారని, నెలసరి చెడిపోతుందని అంటారు. నిజమేనా?

జవాబు: కాదు. హార్మోన్లు తయారయ్యేది అండాశయాల్లో, వాటిని ముట్టుకోరు. నెలసరి వస్తుంది, పాలు తగ్గవు, మెనోపాజ్ ముందుకు జరగదు. అపోహకు మూలం వేరే ఉంది. ఆపరేషన్ నాటి వరకు గర్భనిరోధక మాత్రలు వాడినవాళ్లకు మాత్రల వల్ల రక్తస్రావం తక్కువగా ఉండేది. మాత్రలు మానగానే తమ అసలు నెలసరి తిరిగొస్తుంది, నింద ఆపరేషన్ మీద పడుతుంది.

ప్రశ్న: ల్యాపరోస్కోపీకి (చిన్న కోతలోంచి కెమెరా గొట్టం పెట్టి చేసే ఆపరేషన్‌కు) ముందు, తర్వాత ఏం చూసుకోవాలి?

జవాబు: గట్టి ఆహారం ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపేస్తారు. మీ డాక్టర్ చెప్పిన గంటే పాటించండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. నాభి కింద సెంటీమీటరు కోత పెట్టి, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపి చూస్తారు. మిగిలిన గ్యాస్ కడుపుకూ ఛాతీకీ మధ్యనున్న పొరను కెలకడం వల్ల ఒకటి రెండు రోజులు భుజం నొప్పి పెట్టవచ్చు. దానికి గుండెపోటని హడలిపోనక్కర్లేదు, అటూ ఇటూ నడిస్తే తగ్గుతుంది. ఇంటికి తీసుకెళ్లడానికి తోడు ఉండాలి. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు ఎత్తకూడదు, కలయికకు కూడా వారం ఆగండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కుట్టు దగ్గర చీము పట్టినా, కడుపునొప్పి రోజురోజుకూ తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే వెళ్లాలి. పేగుకు దెబ్బ తగిలితే ముఖ్యంగా కనిపించేది ఈ చివరి లక్షణమే. అరుదు, కానీ ఆలస్యమైతే ప్రమాదం.

ప్రశ్న: మనసు మారితే మళ్లీ అతికిస్తారట కదా?

జవాబు: కొందరికి వీలవుతుంది. క్లిప్, రింగ్ వేసినవాళ్లకు పాడైన భాగం తక్కువ కనుక అవకాశం ఎక్కువ. మిగిలిన ట్యూబు నాలుగు సెంటీమీటర్లకు తగ్గితే ఆశ పలచబడుతుంది. అతికించాక వచ్చే గర్భం ట్యూబులో నిలిచే ముప్పు కూడా ఉంది. "కావాలంటే తర్వాత అతికిద్దాంలే" అన్న ధైర్యంతో ఈ ఆపరేషన్‌కు వెళ్లకండి.

ప్రశ్న: నాకు ఆపరేషన్ అంటే భయం. మా ఆయన "నేను చేయించుకుంటా" అంటున్నారు. అది మంచిదేనా?

జవాబు: చాలా మంచిది. వేసెక్టమీకి పొట్ట తెరవక్కర్లేదు, లోకల్ మత్తు చాలు, విఫలమయ్యేది తక్కువ, మగతనం తగ్గదు. ఒక్కటే మెలిక: ఆపరేషన్ అయిన వెంటనే ఫలితం రాదు. నాళాల్లో మిగిలిన కణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత వీర్య పరీక్షలో శుక్రకణాలు లేవని రిపోర్టు వచ్చేదాకా మీరు ఇప్పుడు వాడుతున్నదే వాడుతూ ఉండండి.