సినిమా ఫిలింని స్టిల్ కెమెరాలో వేస్తే ఐఎస్ఓ ఎంత పెట్టాలి, ఎలా కడిగించాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: షూటింగ్‌లో మిగిలిన కొడాక్ విజన్3 500టీ ఫిలింని 36 ఫ్రేముల క్యాసెట్లలో చుట్టి ఎవరో మీకు ఇచ్చారు. దాన్ని మామూలు 35 ఎంఎం కెమెరాలో వేసి పగలు, రాత్రి రెండూ తీయాలని ఉంది. ఐఎస్ఓ, అంటే ఫిలిం వెలుగుకి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె, 500 పెట్టాలా, కొందరు చెప్పినట్టు 800 పెట్టాలా? ల్యాబ్ వాళ్లు వెనక నల్ల పొర ఉంది, మేం తీసుకోం అంటున్నారు, అప్పుడేం చేయాలి?

కలర్‌లో నేను ఎక్కువగా వాడేది ఈ ఫిలిమే. కొన్ని రోల్స్ ల్యాబ్‌కి ఇస్తాను, చాలావరకు ఇంట్లోనే కడుగుతాను. ముందు అంకెలు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. రాత్రి బల్బు వెలుగులో 320 లేదా 400. పగలు, చేతిలో పట్టుకునే మీటర్‌తో కొలిస్తే, 85 ఫిల్టర్ (పగటి వెలుగులో నీలాన్ని తగ్గించే నారింజ రంగు గాజు) ఉన్నా లేకపోయినా 320 దాటొద్దు, నేనైతే 200 పెడతాను. 800 అనేది చీకట్లో ఇంకో దారి లేనప్పుడు, అదీ డెవలపింగ్‌లో ఒక స్టాప్ పుష్ చేయించే, అంటే తక్కువ పడిన వెలుగుని భర్తీ చేయడానికి ఎక్కువసేపు కడిగించే ఉద్దేశం ఉన్నప్పుడు మాత్రమే. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం.

డబ్బా మీద ఉన్న 500 అబద్ధం కాదు. కానీ అది ఒక ప్రత్యేకమైన వెలుగుకి, ఒక ప్రత్యేకమైన కెమికల్‌కి చెప్పిన అంకె. వెలుగు అంటే 3200 కెల్విన్ టంగ్‌స్టన్ లైటు (పసుపు వెలుగిచ్చే ఫిలమెంట్ బల్బు, 500టీలో టీ అదే), కెమికల్ అంటే ఈసీఎన్-2, సినిమా నెగటివ్ కడిగే పద్ధతి. ఈ రెండింటిలో ఏది మారినా అంకె కూడా మారాలి. చాలామంది నెట్‌లో ఎవరో పెట్టిన ఫోటో చూసి ఆ ఐఎస్ఓనే తీసుకుంటారు. ఆ రోల్ ఏ కెమికల్‌లో కడిగారో, ఏ లైటులో తీశారో మాత్రం అడగరు. ఆ అంకెని అలా తెచ్చుకుంటే లాభం లేదు.

పగటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు గందరగోళం అక్కడే. టంగ్‌స్టన్ వెలుగులో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. అందుకని ఈ ఫిలింలో నీలం పొరని చురుగ్గా తయారు చేశారు. పగటి వెలుగు దీనికి తలకిందులు, అందులో నీలం దండిగా ఉంటుంది. 85 ఫిల్టర్ ఆ ఎక్కువైన నీలాన్ని ఆపుతుంది, దాంతోపాటు మొత్తం మీద మూడింట రెండు వంతుల స్టాప్ వెలుగు పోతుంది. కొడాక్ డేలైట్‌కి 320 అని రాసేది అందుకే. ఫిల్టర్ పెట్టకపోతే ఏం పోదులే అని 500లో తీస్తే నీలం పొర నిండుగా ఉంటుంది, ఎరుపు పొర మాత్రం ఆకలితో ఉంటుంది. స్కాన్ చేశాక రంగు సరిచేద్దామని స్లైడర్ జరిపితే నీడల్లో ఎరుపు దొరకదు, ఎందుకంటే అది నెగటివ్‌లో పడనే లేదు. అదే 320లోనో 200లోనో తీసి ఉంటే ఎరుపు పొరకి కావలసినంత అందుతుంది. నీలం కాస్త ఎక్కువైనా ఈ ఫిలిం తట్టుకుంటుంది, స్కాన్‌లో సరిచేయొచ్చు. పగలు ఫిల్టర్ లేకుండా తీయడానికి నాకు అభ్యంతరం లేదు, వెలుగు తగ్గించి తీయడానికే అభ్యంతరం.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ఫిల్టర్ లెన్స్‌కి తగిలించి, కెమెరా లోపలి మీటర్ లెన్స్ గుండానే కొలుస్తుంటే, ఫిల్టర్ తినేసిన వెలుగుని ఆ మీటరే లెక్కలోకి తీసుకుంటుంది. మళ్లీ మీరు విడిగా తగ్గించక్కర్లేదు. అప్పుడు ఐఎస్ఓ డయల్ 320 దగ్గర పెడితే చాలు, అది చేతి మీటర్‌లో 200 పెట్టినదానితో సమానం.

రాత్రి విషయంలో నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు. 500టీ అంటే చీకటి ఫిలిం అన్న పేరు పడిపోయింది. నిజానికి సినిమా వాళ్లు దాన్ని చీకట్లో వదిలెయ్యరు. నటుడి ముఖం దగ్గర ఇన్సిడెంట్ మీటర్ (మీద పడే వెలుగుని కొలిచేది) పెట్టి కొలిచి, నీడ పడే వైపు ఎంత తక్కువ వెలుగు ఉండాలో కూడా లైట్లతోనే నిర్ణయిస్తారు. అంటే 500 అన్న అంకె వెనక ఎవరో ఒకరు ఆ సీన్‌కి లైటు కట్టారన్న నమ్మకం ఉంది. మనకి ఆ లైట్లు ఉండవు. వీధి దీపం కింద మనిషి నిలబడితే, కెమెరా మీటర్ ఆ దీపాన్ని చూసి ఇక్కడ బోలెడంత వెలుగు ఉందనుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. మొహం చీకటైపోతుంది. అందుకే దీపం ఫ్రేములో ఉన్నప్పుడు దగ్గరికి నడిచి మొహం మీదో చొక్కా మీదో మీటర్ చూసుకుని, ఆ ఎక్స్‌పోజర్ అలాగే ఉంచి వెనక్కి వచ్చి తీయండి. దీపం పేలిపోతుందేమోనని భయం వద్దు. ఈ ఫిలిం హైలైట్ల వైపు ఎంత లాగినా సాగుతుంది, నీడల వైపు మాత్రం అస్సలు సాగదు.

దీన్ని మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు. ఒక గదిలో ఒకే బల్బు వేసి, దాని పక్కన మనిషిని కూర్చోబెట్టి, కదలకుండా 800, 500, 250, 125 అంకెలతో వరసగా తీయండి. నా దగ్గర అలాంటి నెగటివ్ స్ట్రిప్ ఒకటి ఉంది, లైట్ బాక్స్ మీద పెట్టి చూస్తే తేడా స్కాన్ కూడా అక్కర్లేకుండా తెలుస్తుంది. 800 ఫ్రేములో బల్బుకి దూరంగా ఉన్న చెంప, మెడ, వెనక గోడ అన్నీ ఒకే నారింజ రంగు ఖాళీగా ఉన్నాయి, అంటే అక్కడ ఏమీ పడలేదు. 250లో అదే చోట చెవి అంచు, జుట్టు పోగులు, గోడ మీద గీత కనిపిస్తున్నాయి. 125లో నెగటివ్ బాగా చిక్కగా ఉంది, అయినా స్కానర్ దాన్ని హాయిగా చదివింది, గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రేణువులు) కూడా అన్నింటికన్నా తక్కువ. స్కాన్‌లో 800 ఫ్రేముని వెలిగిస్తే నీడలు బురద రంగులోకి తిరిగి గ్రెయిన్ పైకి తేలింది.

షట్టర్ గురించి టెన్షన్ వద్దు. సెకనులో వెయ్యో వంతు నుంచి ఒక సెకను వరకు ఏ సవరణా అక్కర్లేదని కొడాకే చెప్పింది. ట్రైపాడ్ ఉంటే ఐఎస్ఓ పెంచే బదులు షట్టర్ టైమ్ పెంచండి.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. మీ ల్యాబ్ వాళ్లు వద్దనడం న్యాయమే. ఆ నల్ల పొర పేరు రెమ్‌జెట్, అది కార్బన్ మసి. ఫిలిం గుండా దూసుకుపోయిన వెలుగు వెనక తగిలి మళ్లీ తిరిగి రాకుండా ఆపడం, కెమెరాలో వేగంగా పరిగెత్తేటప్పుడు స్టాటిక్ మెరుపులు పుట్టకుండా చూడడం, గీతలు పడకుండా కాపాడడం దాని పని. సీ-41, అంటే మామూలు కలర్ నెగటివ్ కడిగే మెషీన్‌లో దాన్ని కడిగే ఏర్పాటు ఉండదు. మసి రోలర్లకి అంటుకుంటుంది, కెమికల్ పాడవుతుంది, ఆ తర్వాత వచ్చే వేరేవాళ్ల పెళ్లి ఫోటోలకి కూడా అంటుకుంటుంది. కాబట్టి చెప్పకుండా మామూలు కలర్ రోల్ అని ఇచ్చి రావడం మాత్రం చేయకండి. క్యాసెట్ మీద ఈసీఎన్-2 అని పెద్ద అక్షరాలతో రాసి, ఆ పద్ధతిలో కడిగే ల్యాబ్‌కే ఇవ్వండి.

మీ రోల్‌కి ఆ పొర నిజంగా ఉందో లేదో ముందు చూడండి. క్యాసెట్ బయటికి వచ్చిన నాలుకని వెనక్కి తిప్పితే ముదురు నలుపు, మ్యాట్‌గా కనిపిస్తే రెమ్‌జెట్ ఉన్నట్టే. 2025లో కొడాక్ విజన్3లోనే రెమ్‌జెట్ లేని రకం తెచ్చింది. అందులో వెలుగు వెనక్కి తిరగకుండా ఆపే పొరని ఎమల్షన్ (బొమ్మ పడే పొర) కిందకి మార్చారు. దాని కెమికల్ కూడా ఈసీఎన్-2నే, కాకపోతే మసి కడిగే పని తప్పుతుంది. సినీస్టిల్ 800టీ పేరుతో ఏళ్లుగా దొరుకుతున్నది వేరు కథ: అది రెమ్‌జెట్ తీసేసిన 500టీ, సీ-41లో కడగడానికి అమ్ముతారు. దీపాల చుట్టూ వచ్చే ఎర్రటి వలయం ఆ పొర లేకపోవడం వల్లే. మీ దగ్గరున్నది పొర ఉన్న ఫిలిం అయితే ఆ వలయం రాదు, అదే కావాలనుకుంటే దీనితో కుదరదు. 800 అన్న అంకె మీ చెవిన పడింది కూడా బహుశా ఈ రోల్ వల్లే.

ఇంట్లో కడగడం అనుకున్నంత కష్టం కాదు, ఓపిక కావాలి. ట్యాంకులో రీల్ వేశాక, డెవలపర్ కన్నా ముందు, లీటరు వెచ్చటి నీళ్లలో ఒకటి రెండు చెంచాల వెలిగారం, అంటే బోరాక్స్, లేదా బేకింగ్ సోడా కలిపి పోసి ఒక నిమిషం నానబెట్టండి. తర్వాత మూత గట్టిగా బిగించి బలంగా ఊపండి. వంపేస్తే నీళ్లు కాటుక కలిపినట్టు నల్లగా వస్తాయి. మంచినీళ్లు పోసి ఊపి వంపడం, మళ్లీ పోసి ఊపి వంపడం, నీళ్లు తేటగా అయ్యేదాకా ఇదే పని. ఆ తర్వాతే డెవలపర్. అంతా అయ్యాక, చివరి కడుగుడులో ఫిలిం ఇంకా తడిగా ఉండగానే మెరిసే వైపు, అంటే వెనక వైపు మాత్రమే, తడిపిన మెత్తటి స్పాంజితో పై నుంచి కిందకి ఒకసారి తుడవండి. వేలికి నల్లగా అంటితే ఇంకా మిగిలి ఉందన్నమాట. ఎమల్షన్ వైపు తగలనివ్వొద్దు, తడిగా ఉన్నప్పుడు అది ఇట్టే గీసుకుపోతుంది. మసి చుక్క ఒక్కటి ఎండిపోయినా స్కాన్‌లో తెల్ల మచ్చగా వస్తుంది, ఆకాశం ఉన్న ఫ్రేములో అయితే మరీ బాధగా ఉంటుంది.

డెవలపర్ విషయానికి వస్తే, ఈసీఎన్-2లో పనిచేసే రసాయనం సీడీ-3, సీ-41లో పనిచేసేది సీడీ-4. మొదటిది 41.1 డిగ్రీల్లో 3 నిమిషాలు, రెండోది 37.8 డిగ్రీల్లో 3 నిమిషాల 15 సెకన్లు. మసి ముందే కడిగేస్తే సీ-41లోనూ బొమ్మ వస్తుంది. కాంట్రాస్ట్ పెరుగుతుంది, నీడలు ఒక రంగుకి, హైలైట్లు ఇంకో రంగుకి లాగుతాయి. కొందరికి అది ఇష్టం. నాకు మొహాల మీద అది నచ్చదు, అందుకే మనుషులున్న రోల్ అయితే ఈసీఎన్-2 తప్ప ఇంకొకటి చేయను. సీ-41 అని ముందే తెలిస్తే రాత్రి 400, పగలు 200 దగ్గరే ఉండండి. కాంట్రాస్ట్ పెరిగినప్పుడు నీడలు ఇంకా త్వరగా మునుగుతాయి. ఏ కెమికల్ అయినా గ్లవ్స్ వేసుకోకుండా ముట్టుకోవద్దు, కలర్ డెవలపర్లు చర్మానికి పడవు, కొందరికి అలర్జీ జీవితాంతం ఉండిపోతుంది.

ఈసీఎన్-2 స్కాన్ మొదటిసారి చూసినప్పుడు చప్పగా, జీవం లేనట్టు ఉంటుంది. అది లోపం కాదు. తర్వాత ప్రింట్ ఫిలిం మీదకి వెళ్లి అక్కడ కాంట్రాస్ట్ తెచ్చుకునేలా ఈ నెగటివ్‌ని తయారు చేశారు. మన దగ్గర ఆ రెండో మెట్టు లేదు కాబట్టి కర్వ్స్‌తో ఆ పని మనమే చేయాలి.

సినిమా ఫిలిం స్టిల్ కెమెరాలో ఇముడుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. అసలు 35 ఎంఎం స్టిల్ కెమెరా పుట్టిందే సినిమా ఫిలిం మీద. ఆస్కార్ బర్నాక్ 18 బై 24 మిల్లీమీటర్ల సినిమా ఫ్రేముని రెట్టింపు చేసి 24 బై 36 చేశాడు, 1925లో లైకాగా బయటికొచ్చింది ఆ ఆలోచనే. నెగటివ్ ఫిలిం రంధ్రాల ఆకారం స్టిల్ ఫిలిం కన్నా కాస్త వేరు, అయినా నా కెమెరాల్లో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. చూసుకోవాల్సింది డీఎక్స్ కోడ్, అంటే ఐఎస్ఓ ఎంతో కెమెరాకి చెప్పే క్యాసెట్ మీది గుర్తు. చేత్తో చుట్టిన క్యాసెట్‌కి అది ఉండదు. ఐఎస్ఓ మార్చుకునే వీలు లేని చిన్న ఆటోమేటిక్ కెమెరాలు చాలావరకు 100 అనుకుని తీసేస్తాయి. 500టీకి అది రెండు స్టాపులకి పైగా ఎక్కువ వెలుగు, నష్టం లేదు. అదే కెమెరాలో 50డీ (పగటి వెలుగుకి చేసిన ఐఎస్ఓ 50 సినిమా ఫిలిం) వేస్తే ఒక స్టాప్ తక్కువ పడుతుంది, అది మాత్రం దెబ్బే.

మీకు ఇచ్చినవాళ్లని ఒకటి అడగండి: ఇది షార్ట్ ఎండా (షూటింగ్‌లో వాడగా మిగిలిన ముక్కా), ఎన్నేళ్ల కిందటిది, ఫ్రిజ్‌లో ఉందా? సమాధానం సరిగ్గా రాకపోతే ఒక రోల్ నుంచి చీకట్లో జానెడు ముక్క కత్తిరించి, తీయకుండానే కడిగి చూడండి. తాజా ఫిలిం ముక్క పక్కన పెట్టినప్పుడు నారింజ బేస్ బాగా ముదురుగా కనిపిస్తే ఫాగ్, అంటే వెలుగు పడకుండానే వచ్చే మసక, పట్టినట్టు. వేగంగా ఉండే ఫిలిం త్వరగా పాడవుతుంది, 500టీకి ఇది ముఖ్యం. ఫాగ్ ఉంటే పైన చెప్పిన ప్రతి అంకెనీ ఇంకో స్టాప్ తగ్గించండి, 400 అన్నచోట 200, 200 అన్నచోట 100. అన్ని రోల్స్ ఒకే డబ్బాలోంచి వచ్చి ఉంటే ఆ ఒక్క ముక్క పరీక్ష అన్నింటికీ సరిపోతుంది.